దొరకు తొలి సున్నం

మా ఇంటికి ఎవరు వచ్చినా నా భార్య కాఫీ ఇస్తుంది, నేను కెప్టెన్ దొర కథ చెబుతాను. కాఫీ ఒక్కోసారి చెడవచ్చు గానీ కథ చెడిన రోజు లేదు. పత్తికొండ గుట్ట కింద పాలెగాళ్ళతో జరిగిన పోరులో ముగ్గురిని నరికి, నాలుగోవాడి ఈటె తగిలి, గుర్రం మీదనే ప్రాణం విడిచిన ఇంగ్లీషు కెప్టెన్ కథ అది. మొదట్లో ఆ గుర్రం జేగురురంగుది. నేను ఉద్యోగంలో చేరేసరికి బూడిదరంగుకు వచ్చింది. రిటైరయ్యే నాటికి నా జుట్టుతో పాటే తెల్లబడింది. కర్నూలులో పిల్లలకు చరిత్ర చెప్పి బతికినవాణ్ణి కాబట్టి అడిగేవాడు లేడు. మా ఊరి బళ్ళో దాన్ని నాటకంగా కూడా ఆడారు. ఆ సమాధి మీది అక్షరాలను స్వయంగా చదివిన ఏకైక పరిశోధకుణ్ణి నేనేనని తెర లేవకముందు మైకులో చెప్పేవారు. నేను తల వంచుకుని కూర్చునేవాణ్ణి. చూసినవాళ్ళు దాన్ని వినయం అనుకునేవారు.

అందుకే ఈ ఏడు ఎండలు ముదరకముందు బందరు నుంచి సునీత అనే అమ్మాయి ఫోను చేసి, "మీ వ్యాసం చదివానండీ, ఆ సమాధి గురించి మాట్లాడాలి, కర్నూలు వస్తాను" అన్నప్పుడు నా మనసు ఉబ్బి తబ్బిబ్బయింది. రెండు రోజుల ముందే చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాను. వచ్చిన అమ్మాయికి ముప్పై ఏళ్ళుంటాయేమో. భుజాన పెద్ద సంచీ. అందులోంచి మెత్తటి బ్రష్షులు, నీళ్ళు చిమ్మే సీసా, టార్చిలైటు, నేను కాలేజీ పత్రికలో రాసిన వ్యాసం జిరాక్సు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. బందరులో వాళ్ళ ఇంటికి దగ్గరలోనే ఒలందావాళ్ళ శ్మశానం ఉందట. హాలెండు నుంచి గుడ్డల వ్యాపారానికి వచ్చి ఇక్కడే మట్టిలో కలిసినవాళ్ళ సమాధులు. చిన్నప్పుడు ఆ రాళ్ళ మీద కూర్చుని ఎక్కాలు చదువుకున్న పిల్ల, పెద్దయ్యాక ఆ రాళ్ళే చదవాలని ఒలందా భాష నేర్చుకుంది. ఇప్పుడు ఊరూరూ తిరిగి అలాంటి సమాధుల జాబితా రాస్తోంది, పగిలినవి అతికిస్తోంది, పోయేవాటిని పోకుండా ఆపుతోంది.

"పాత కాగితాల్లో ఒక ముక్క కనిపించిందండీ. వజ్రాల కోసం కర్నూలు అవతలి ఎర్రనేలకు మా బందరు ఒలందావాళ్ళు కొందరు వచ్చారనీ, ఒకరిని అక్కడే పూడ్చారనీ. మీరేమో ఇంగ్లీషు కెప్టెన్ అని రాశారు. నాకేమో అది ఒలందావాళ్ళదని అనుమానం. ఆ రాతి మీది అక్షరాలు ఆఖరుసారి చూసింది మీరేనండీ. నకలు రాసుకునే ఉంటారు కదా?"

"వెతకాలమ్మా, ఎక్కడో ఉంటుంది," అన్నాను. నా నోటికి అబద్ధం అంత సులువుగా ఎలా వస్తుందో నాకే ఆశ్చర్యం. ఆ అమ్మాయి నమ్మేసి, తన పని ఎలా చేస్తుందో చెప్పుకుపోయింది. రాతిని చదవాలంటే నీళ్ళూ, మెత్తటి బ్రష్షూ, పక్కనుంచి పడే వెలుతురూ చాలట. "కొందరు గునపంతో పెకలిస్తారండీ." నేను తల ఊపాను. "ఇంకొందరు ఇనుప బ్రష్షుతో రుద్దుతారు." మళ్ళీ ఊపాను. "మరికొందరు మహానుభావులైతే యాసిడ్ పోసేస్తారండీ!" కాఫీ పొలమారింది. నా భార్య లోపలి నుంచి వచ్చి నెత్తిన తట్టి, ఎవరో తలుచుకుంటున్నారంది. ఎవరు తలుచుకుంటున్నారో నాకు తెలుసు. మా జేజి, మా నాయనను కన్నతల్లి.

పత్తికొండలో మాది సున్నం కొట్టు. ఉప్పు, చింతపండు, నీలిమందు, రంగుపొడులు కూడా అమ్మేవాళ్ళం గానీ ఊరంతా మమ్మల్ని సున్నం శెట్లనే పిలిచేది. బేతంచెర్ల దిక్కు నుంచి బట్టీలో కాల్చిన రాళ్ళు బండ్ల మీద వచ్చేవి. పెరట్లో ఒక మూల నడుములోతు గుంత. నాయన అందులో రాళ్ళు వేయించి, కడవలతో నీళ్ళు పోయించి, పంచె ఎగగట్టుకుని గబగబా వెనక్కి జరిగేవాడు. కాసేపు ఏమీ జరిగేది కాదు. తర్వాత గుంత అడుగున ఎవరో గొణిగినట్టు మొదలై, చూస్తుండగానే కుతకుతలాడి, తెల్లటి ఆవిరి కొట్టంత ఎత్తు లేచేది. ఆ వాసన గొంతులోకి దిగి నాలుక వెనకాల గరగరలాడుతూ కూర్చునేది. మా ఇంట్లో సంగటికీ అదే వాసన, దుప్పట్లకూ అదే వాసన, పండుగనాటి కొత్తబట్టలకూ అదే వాసన. నాయన అరచేతులు ఎండిన చెరువులా బీటలు వారి ఉండేవి. పొద్దుగూకినాక వాటికి చెనిక్కాయ నూనె రాసుకుంటూ, ఆ రోజు ఎవరి ఇంట్లో పెళ్ళి కుదిరిందో, ఎవరి ఇంట్లో చావు జరిగిందో చెప్పేవాడు. ఎవరు ఎంత సున్నం కొన్నారనేదాన్ని బట్టి ఆయన లెక్క.

జేజికి పొద్దున లేస్తే ఆకువక్క ఉండాల్సిందే. ఆకుకు రాయగా వేలికి మిగిలిన సున్నాన్ని వంటింటి ద్వారబంధానికి తుడిచేది. ఎన్నో ఏళ్ళు తుడవగా తుడవగా అక్కడ తెల్లటి చారలు లేచాయి. ఆమె నడుము వంగేకొద్దీ ఆ చారలు కూడా కిందికి దిగుతూ వచ్చాయి. అమ్మ ఎన్నిసార్లు కడగబోయినా, "గమ్మునుండు, అది నా జాగా," అనేది. ఇంట్లో ఆమె మాటకు ఎదురులేదు. నాయన అంతటివాడు కొట్లో గట్టిగా అరిచి, పెరట్లోకి రాగానే గొంతు తగ్గించేవాడు.

ఉగాదికి ముందు ఊరంతా ఇళ్ళకు సున్నాలు కొట్టుకునేది. మాకు అదే పంటకాలం. అయితే ఆ ఏడాది గుంతలోంచి వడగట్టిన తొలికడవ అమ్మకానికి పోకూడదు. అది దొరది. ఊరి బయట గుట్ట కింద, చేను గట్టున, ఎత్తైన అరుగు మీద పరిచిన ఒక్క బండ. దాన్ని దొర గోరీ అనేవాళ్ళు. మా ముత్తాతకు ముత్తాత తరంలో సున్నపురాళ్ళ బండ్లు ఆ గట్టు దగ్గరకు రాగానే ఎద్దులు మోకాళ్ళు వేసేశాయట. కొట్టినా లేవలేదు, గడ్డి వేసినా లేవలేదు. బండిలో ఉన్న ఆ తరం కోడలు దిగి చూస్తే ఈ బండ ఎండలో కాలిపోతూ కనబడిందట. "ఏటేటా నీకు చల్లగా సున్నం పూస్తాం, మమ్మల్ని పోనీ," అని మొక్కుకుంటే ఎద్దులు లేచాయట. అప్పటి నుంచి ఇంటి కోడళ్ళ మీద ఆ పని పడింది. మగవాళ్ళు ముట్టుకోరు.

ఆ కడవకు జేజి చేసే సేవ చూడాలి. కలబంద మట్టలు చీల్చి గుజ్జు పిండేది. తుమ్మజిగురు రాత్రంతా నానబెట్టేది. బెల్లం నీళ్ళు కలిపేది. "గోడలకు ఇంత సేవ చేస్తే సున్నం ఊడనే ఊడదు, మనం కొట్టు మూసుకోవాల," అని నాయన గొణిగేవాడు. ఈతమట్ట కొన దంచి కుంచె చేసుకుని, పూసింది ఆరాక ఇంకో పూత, అది ఆరాక ఇంకోటి. ఆ తర్వాత కొంగులోంచి బొరుగులు, ఒక బెల్లంముక్క తీసి బండ మీద పెట్టేది. పక్కన ఒక గోలీసోడా. దొర తాగినట్టు కాసేపు కళ్ళు మూసుకుని కూర్చుంటే, ఆ తర్వాత సోడా నాది.

ఒకసారి నేను అడిగాను. "జేజీ, వేరే ఊర్లల్లో దొరల గోరీలకు చుట్టలు, సారాయి పెడతారంట. మనమేంది, చంటిబిడ్డకు పెట్టినట్ల బొరుగులు పెడతాం?"

"మా అత్త ఇవే పెట్టె. ఆయమ్మకు వాళ్ళత్త ఇవే చెప్పె. అప్పట్లో సోడాలు యాడుండాయి, పానకం పెడతాండ్రి. నేను శెట్ల ఇంటి కోడల్ని, సారాయి యాడ తెచ్చేదిరా? నీకు సోడా కావాల్నా, వద్దా?"

నాకు సోడాయే కావాలి. చర్చ అక్కడితో ముగిసింది.

ఇక నా ఘనకార్యం. పందొమ్మిదేళ్ళకు కర్నూలులో డిగ్రీ చదువుతూ చరిత్ర పిచ్చి పట్టింది. రాతిని చదవనివాడు చరిత్రకారుడే కాడని మా మాష్టారు ఒకరోజు క్లాసులో అన్నారు. ఆ మాట ఆయన అందరితో అన్నారు గానీ నేను నాతోనే అన్నారనుకున్నాను. మాకు సొంతంగా ఒక రాయి ఉండగా నేను చరిత్రకారుణ్ణి కాకుండా ఎవరు ఆపగలరు? జేజి బంధువుల పెళ్ళికని రాయచోటి పోయిన వారం చూసుకుని పత్తికొండ వచ్చాను. నేలబండలు తోమే యాసిడ్ గాజుజాడీలో పోయించుకుని, గడ్డి చుట్టి, కర్నూలు నుంచి బస్సులో మోకాళ్ళ మధ్య పెట్టుకుని తెచ్చాను. గునపం తెచ్చాను, ఇనుప బ్రష్షు తెచ్చాను, నెత్తికి టోపీ కూడా తెచ్చాను. కాగితం, పెన్సిలు ఇంట్లో మరిచిపోయాను.

ఎన్ని తరాల కోడళ్ళు పూసిన సున్నమో, వేలిమందం పేరుకుపోయి ఉంది. గునపం అంచుకు పెట్టి ఎత్తితే, పెనం మీద కాలిన దోసె లేచినట్టు పెచ్చులు పెచ్చులుగా లేచింది. అరచేయంత పెచ్చులు, విస్తరంత పెచ్చులు. వాటివైపు చూడనైనా చూడకుండా పక్కకు నెట్టేశాను. నాకు కావలసింది అడుగునున్న రాయి. నల్లటి బండ మీద అక్షరాలు కనిపించాయి. ఇంగ్లీషు అక్షరాలే గానీ ఒక్క మాటా అర్థం కాలేదు. చెక్కినవాడికి చదువు రాదు పాపం అనుకున్నాను. తెల్లవాళ్ళలో ఇంగ్లీషువాళ్ళు కాక ఇంకో రకం ఉంటారని నా బుర్రకు తోచలేదు. అక్షరాల గుంటల్లో అక్కడక్కడా సున్నం ఇరుక్కుని ఉంది. దాన్ని కూడా వదలగొట్టి, శుభ్రమయ్యాక తీరిగ్గా ఇంటికి పోయి కాగితం తెచ్చుకుని రాసుకుందామని జాడీ మూత తీశాను.

పోయగానే బండ అంతా బుసబుసమని పొంగింది. మురికి పోతోందని నాకు ఎంత సంతోషమో! ఇంకాస్త పోశాను. పొంగేకొద్దీ పోశాను. జాడీ ఖాళీ చేసి, ఇనుప బ్రష్షుతో చేతులు నొప్పి పుట్టేదాకా రుద్దాను. నేను సున్నపుగుంత పక్కన పుట్టినవాణ్ణి. సున్నపురాయి అమ్మి నాయన పెట్టిన కూడు తిన్నవాణ్ణి. ఆ సమాధి బండ కూడా మేము కాల్చి అమ్మే ఆ సున్నపురాయి జాతిదేనని, యాసిడ్ పడితే అదీ కరిగిపోతుందని నాకు తట్టలేదు. మా కొట్లో మూటలు మోసేవాళ్ళను అడిగినా చెప్పేవాళ్ళు. నీళ్ళు పోసి కడిగి చూస్తే, స్ఫోటకం పోసిన ముఖంలా గుంటలు పడి, ఒక్క అక్షరమూ లేకుండా బండ నున్నగా ఉంది. నెత్తి మీది టోపీ తీసేశాను.

జేజి రాయచోటి నుంచి వచ్చిన మరుసటి రోజే గట్టుకు పోయి చూసింది. నేను వెనకాలే పోయాను.

"ఏం చేస్తివిరా?"

"అక్షరాలు వానకు అరిగిపోయి ఉండాయి జేజీ. నేను సున్నం తీసి చూసినా, అంతే."

"వానకా? పత్తికొండలోనా?"

గంపలో గడ్డి పరిచి, నేను నెట్టేసిన పెచ్చులను ఒక్కొక్కటే ఏరి పెట్టుకోసాగింది. అవెందుకని అడిగాను. "దొర చొక్కాలురా ఇవి. మా అత్త తొడిగింది ఉండాది దీంట్లో, నేను తొడిగింది ఉండాది. నువ్వు ఇప్పేస్తివని కుక్కలు తొక్కేదానికి ఇడ్సిపెట్టాల్నా?" అంది. గంప నేను ఎత్తబోతే నా చేతిని పక్కకు తోసింది. మరుసటి ఉగాదికి మళ్ళీ తొలికడవ తీసుకుని ఒక్కతే పోయింది. నన్ను రమ్మనలేదు, సోడా ఇవ్వలేదు. చిన్నప్పటి నుంచి నేను తిన్న దెబ్బలన్నీ మరిచిపోయాను గానీ ఆ సోడా ఇవ్వకపోవడం ఇప్పటికీ గుర్తుంది.

కాలేజీకి తిరిగి పోయాక మాష్టారు రాయి ఏం చెప్పిందని అడిగారు. ఏమీ చెప్పలేదంటే పరువేం కావాలి? అందుకని కెప్టెన్‌ను పుట్టించాను. పోరు పెట్టాను, ఈటె పెట్టాను, గుర్రం ఎక్కించాను. బండ చూస్తే రెండున్నర మూరలే ఉంది, ఆరడుగుల కెప్టెన్ దాని కింద ఎలా పడతాడని ఒక తెలివైనవాడు అడిగాడు. శరీరాన్ని మద్రాసు తీసుకుపోయారనీ, ఇక్కడ పూడ్చింది టోపీ, కత్తి మాత్రమేననీ రాసేశాను. అరిగిన అక్షరాలను ఎంతో శ్రమకోర్చి చదివినట్టు కూడా రాశాను. ఆ వ్యాసానికి బహుమతిగా స్టీలు టిఫిను డబ్బా ఇచ్చారు. ఇప్పటికీ మా ఇంట్లో కందిపప్పు అందులోనే ఉంటుంది.

ఆ రోజు కాఫీ అయ్యాక, సునీత బాడుగకు మాట్లాడిన కారులోనే పత్తికొండ బయలుదేరాం. దారి పొడుగునా ఆ అమ్మాయి ఏవేవో అడుగుతోంది, నేను కిటికీలోంచి టమోటా లారీలను లెక్కపెడుతున్నాను. గుట్ట దగ్గర కారు దిగితే చేనూ లేదు, గట్టూ లేదు. నేలంతా చదును చేసి హద్దురాళ్ళు పాతారు. ఒక మూల మా బండ మాత్రం పల్లేరుకాయల మధ్య అరుగు మీద ఉంది. జేజి పోయినాక దానికి సున్నం పూసినవాళ్ళు లేరు, ఆమె ఆఖరున పూసిన పూతలూ ఎండకు, వానకు ఊడిపోయాయి. సునీత మోకాళ్ళ మీద కూర్చుని, నీళ్ళు చల్లి, బ్రష్షుతో తడిమి, టార్చి అటు పెట్టి ఇటు పెట్టి చూసింది. "ఏదో పోశారండీ దీని మీద. ఎవరో పాపం చేశారు," అంది. నాకు నెత్తి మీద ఎండ ఒక్కసారిగా ఎక్కువైనట్టు అనిపించింది.

ఇంతలో మోటారుసైకిలు మీద ప్లాట్ల యజమాని ఈరన్న వచ్చాడు. నన్ను చూసి దిగి, వంగి దండం పెట్టాడు. "సార్, నన్ను గుర్తుపట్టలేదా? బడి నాటకంలో కెప్టెన్‌ను ఈటెతో పొడిసింది నేనే కదా!" సునీత వచ్చిన పని చెప్పి, ఈ మూల మాత్రం కదపవద్దని బతిమాలింది. ఈరన్న నవ్వాడు.

"ఏంది మేడమ్ మీరు చెప్పేది? మనోళ్ళను ముగ్గుర్ని నరికినోడు వాడు. వాని టోపీకి, కత్తికి నా ప్లాట్లలో జాగా ఏంటికి ఇడ్సిపెట్టాల? నేను సొంతంగా చెప్తాండేది కాదు, సారే రాసినాడు. ఎల్లుండి జేసీబీ వస్తాండాది. మంచోని గోరీ అయింటే నేనే కట్ట కట్టిస్తాంటి, ఏం సార్?"

సునీత నావైపు చూసింది. అక్షరాలు చదివిన ఏకైక పరిశోధకుడు నోరు విప్పుతాడేమోనని ఈరన్న కూడా చూశాడు. "ఎండగా ఉంది, ఇంటికి పోయి భోంచేద్దాం," అన్నాను.

మా కొట్టు ఇప్పుడు తమ్ముడు శీనయ్య చూస్తున్నాడు. గుంత పూడ్చేసి దాని మీద రంగులు కలిపే యంత్రం పెట్టాడు. గోడకు ఏ రంగు వేయాలో తేల్చుకోలేక పొద్దున్నుంచి ఒక మొగుడూ పెళ్ళాం అట్ట మీది రంగుగళ్ళు చూస్తూ కొట్లాడుకుంటున్నారు. మా కాలంలో రంగు ఒక్కటే కాబట్టి ఆ కొట్లాట ఉండేది కాదు, కొట్లాడుకోవడానికి వేరేవి ఉండేవి. ఇప్పుడు ఇంట్లో ఏ వాసనా లేదు. అన్నం అన్నంలాగే ఉంది. విస్తరి ముందు కూర్చుని రెండు ముద్దలు తిన్నాను. ఇంక లాభం లేదనుకుని చెయ్యి పక్కకు పెట్టి, జాడీ దగ్గర మొదలుపెట్టి టిఫిను డబ్బా దాకా అంతా చెప్పేశాను. చెబుతున్నంతసేపూ సునీత ముఖం చూడలేదు, విస్తరిలోని ఉప్పును చూస్తూ చెప్పాను. ఇంత వయసు వచ్చాక తప్పు ఒప్పుకుంటే గొంతు చిన్నపిల్లవాడిలా వస్తుందని ఎవరూ నాకు చెప్పలేదు.

ఆ అమ్మాయి తిట్టినా బాగుండేది. "అయితే ఇంక దాని మీద ఏముందో ఎవరికీ తెలియదన్నమాట," అంది, అంతే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

శీనయ్య మాత్రం మజ్జిగ పోసుకుంటూ, "అయితే అటక మీద జేజి పెట్టె ఉండాది కదన్నా? దొర చొక్కాల పెట్టె," అన్నాడు.

"అది ఇంకా ఉందా?"

"ఎవరు తీస్తారు? నేను పోయినంక కూడా దాన్ని కదిపితే కాళ్ళు ఇరగ్గొడతానని చెప్పింది కదా. పోయినంక ఎట్లా ఇరగ్గొడుతుందని మేము అడగల్యా."

పెట్టె దించడానికి ముగ్గురం కావలసి వచ్చింది. పాత టీ పెట్టె. మూత తీయగానే ఆ వాసన, కలబంద, బెల్లం, తడి సున్నం, అన్నీ కలిసిన మా ఇంటి వాసన గుప్పుమంది. నిజంగా వచ్చిందో, నాకే అనిపించిందో. ఒక వరస పెచ్చులు, ఒక వరస గడ్డి, మళ్ళీ పెచ్చులు. వ్యాపారుల ఇంటి కోడలు కదా, జేజి గాజుసామాను సర్దినట్టు సర్దింది. ఏది ఏ పక్కనుంచి లేచిందో కూడా చూసుకుని, తల వైపువి పైన, కాళ్ళ వైపువి అడుగున పెట్టింది. సునీత ఒక పెచ్చును రెండు చేతులతో ఎత్తి, వెనక్కి తిప్పి, టార్చి వేయమంది.

ఎన్నో ఏళ్ళ కిందట మొదటి కోడలు పూసిన మొదటి పూత అక్షరాల గుంటల్లోకి దిగి గట్టిపడింది. నేను గునపంతో లేపినప్పుడు రాతి మీది అక్షరాలన్నీ ఆ సున్నంలో అచ్చు దిగి, ఉబ్బెత్తుగా, తిరగబడి లేచి వచ్చాయి. నేను రాతిని చూస్తూ కూర్చున్నాను, చదవాల్సింది నా వెనకాల నెట్టేసిన చెత్తకుప్పలో ఉంది. శీనయ్య గడ్డం గీసుకునే అద్దం తెచ్చాడు. నట్టింట్లో దుప్పటి పరిచి, జేజి సర్దిన వరుసలోనే పెచ్చులు పేర్చి, పక్కనుంచి టార్చి వేసి, అద్దంలో చూస్తూ సునీత ఒక్కో అక్షరమే కాగితం మీద రాసింది. కొన్ని పెచ్చులు పొడి అయిపోయాయి. తండ్రి పేరు ఉండాల్సిన చోట నా గునపం దెబ్బ ఉంది. ఇంటిపేరు సగమే ఉంది.

"ఒలందావాళ్ళదేనండీ," అంది సునీత. ఆ మాట అన్న గొంతులో గెలిచిన సంతోషం లేదు. "యోహన్నా. ఫలానావారి ముద్దు కూతురు. వయసు ఐదేళ్ళ నాలుగు నెలలు."

కొట్లో రంగుల యంత్రం గిరగిర తిరుగుతున్న చప్పుడు వినబడుతోంది. రెండున్నర మూరల బండ. బొరుగులు. బెల్లంముక్క. పానకం. చంటిబిడ్డకు పెట్టినట్ల ఏంటికి పెడతామని అడిగిన నేను. మా జేజికి తెలుసా అంటే, తెలిసి ఉండదు. వాళ్ళ అత్తకూ తెలిసి ఉండదు. ఆ పైన ఎవరో ఒక తల్లికి తెలిసి ఉంటుంది. ఆమె పాప సంగతి చెప్పడం మరిచిపోయింది గానీ, ఏం పెట్టాలో మాత్రం మరిచిపోకుండా కోడలికి చెప్పింది. అక్షరం రానివాళ్ళు చేతులు మార్చుకుంటూ అంతదూరం తెచ్చిన నిజాన్ని, చదువుకున్న నేను ఒక్క జాడీతో కడిగేశాను. చదువు మీద నాకు ఉన్న గౌరవం ఆ దుప్పటి ముందు కూర్చున్నప్పుడు బాగా తగ్గింది.

ఈరన్నను పిలిపించాం. ఈసారి చెప్పింది నేనే. కెప్టెన్ లేడనీ, పోరు లేదనీ, ముగ్గురిని ఎవరూ నరకలేదనీ, అంతా నేను కల్పించిందేననీ చెప్పాను. అతను అద్దంలోకి తొంగి చూశాడు. అక్షరాలు అర్థం కాకపోయినా చాలాసేపు చూశాడు.

"పాపనా సార్?"

"ఐదేళ్ళ పాప."

ఫోను తీసి ఎవరితోనో, "ఆ మూల ముట్టాకు అప్పా. ఊరికే కాదు... బిడ్డ ఉండాదంట ఆడ," అన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని తల గోక్కుంటూ నావైపు తిరిగాడు. "అయితే సార్, బడిలో నేను ఈటెతో పొడిసింది ఎవర్ని?" నేను నేర్పిన చరిత్ర పాఠం అది.

పెచ్చులకు పత్తి చుట్టి భద్రం చేస్తూ, ఆ బండకు మళ్ళీ సున్నం పూయవచ్చా అని అడిగితే, సునీత మొదటిసారి నవ్వింది. "అన్నాళ్ళు కాపాడింది సున్నమే కదండీ. మీరు తప్ప దానికి శత్రువులెవరూ లేరు." సున్నం శెట్ల కొట్లో సున్నం కోసం వెతికితే ఎలుకలు కొట్టిన పాత సంచి ఒకటి దొరికింది. కలబంద శీనయ్య కోడలు మేడ మీద కుండీలో పెంచుతోంది, ముఖానికి రాసుకోవడానికట. ఒక మట్ట ఇమ్మని అడిగితే విచిత్రంగా చూసి ఇచ్చింది. తుమ్మజిగురు నానబెట్టాను, బెల్లం కరిగించాను. మగవాళ్ళు ముట్టుకోరాదన్న కట్టు తప్పింది గానీ, తప్పడంలో నాకు అలవాటు ఎక్కువ.

మరుసటి రోజు పొద్దున అందరూ కారు దగ్గర నిలబడ్డారు, నేను కడవ పట్టుకుని బండ దగ్గరకు పోయాను. ఒక పూత పూశాను. అది ఆరేదాకా కూర్చుని ఇంకో పూత పూశాను. జేజి అంత నున్నగా రాలేదు, గీతలు గీతలుగా వచ్చింది. తడి సున్నం మీద పడకుండా అరుగు అంచున బొరుగులు పోసి, బెల్లం పెట్టి, సోడా మూత తీశాను. గోలీసోడా దొరకలేదు, ప్లాస్టిక్కు సీసా. జేజిలాగే కాసేపు కళ్ళు మూసుకున్నాను. ఆ సోడా మాత్రం నేను తాగలేదు. చెప్పాలనుకున్నవి రాత్రంతా కూడబలుక్కుని వచ్చాను, క్షమించమనీ అదీ ఇదీ. అరుగు మీద చెయ్యి వేసేసరికి అవన్నీ పోయి, మా జేజి యాసే నా నోట్లోకి వచ్చింది.

"యాభై ఏండ్లు నిన్ను గుర్రం మీదనే కూర్చోబెట్టినా తల్లీ. కాళ్ళు నొస్తాంటాయి. ఇంక దిగు."